చీపురు వెయ్యని చోటు

ఈ ఉదయం పసుపుపూల తీగను పట్టుకుని లాగితే కణుపు దగ్గర పుటుక్కున తెగింది. వేళ్ళకు పసరు అంటుకుంది. చామంతి ఆకును నలిపితే వచ్చే వాసనలాగే ఉంటుంది, కాస్త చేదుగా, కాస్త పచ్చిగా. ఆ వాసన తగలగానే నాకు నిడదవోలులోని మా వాకిలి కనిపించడం మానేసి, కొవ్వూరులో సత్యవతి గారి తూర్పు వాకిలి కనిపిస్తుంది. పీట మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎవరి మీదో కోపం వచ్చినట్టు ముఖం పెట్టి మొక్కలు పీకుతున్న మనిషి కనిపిస్తుంది. నిజానికి ఆవిడకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు. ముఖమే అంత.

లోపల మా ఆయన లేచినట్టున్నారు. చేతికర్ర కోసం తడుముకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళి అందివ్వాలి, మొహం కడిగించాలి, కాఫీ కలపాలి, తర్వాత బడికి పరుగెత్తాలి. ఇన్నేళ్ళుగా అదే వరస. అలసిపోయానని ఎవరితోనైనా అంటే ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం వినడానికి కూడా ఓపిక కావాలి. అలసిపోయానని నేనన్నప్పుడు ధైర్యం చెప్పకుండా ఊరుకున్న మనిషి నాకు తెలిసి సత్యవతి గారొక్కరే. అందుకే ఆవిడ గురించి రాద్దామనిపించింది.

మా ఆయనకు పక్షవాతం వచ్చిన ఏడాది మేం కొవ్వూరు చేరాం. ఆయన ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నా ఉద్యోగం నిడదవోలు హైస్కూల్లో. ఫిజియోథెరపీ కోసం బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళాలి. రెండింటికీ మధ్యలో ఉంటుందని కొవ్వూరులో ఇల్లు వెతికాం. సత్యవతి గారు గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన ఒంటరి మనిషి. పెళ్ళి సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ముందు వాటా అద్దెకిస్తూ ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. వాకిలి ఊడ్చుకోవచ్చు, కళ్ళాపి చల్లుకోవచ్చు, ముగ్గు పెట్టుకోవచ్చు, కానీ ఇంటికి తూర్పు వైపు మాత్రం చీపురు తగలకూడదు. అక్కడ ఆకులు రాలితే చేత్తో ఏరాలి. నేను సరేనన్నాను గానీ, ముసలావిడకు ఏదో చాదస్తం ఉన్నట్టుందని మా ఆయనతో అన్నాను. ఆయనకు అప్పటికి మాట సరిగా రావడం లేదు. తలూపారు.

తూర్పు వైపు అంటే ప్రహరీకీ ఇంటి గోడకీ మధ్య పొడవాటి స్థలం. ఎండ బాగా పడేది అక్కడే. మన వైపు వాకిట్లో ఒక్క గడ్డిపరక కనపడకుండా ఊడ్చిన ఇల్లే ఇల్లు. మొక్కలు వాటంతటవి లేచాయంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం. ఆవిడ ఇంట్లో మాత్రం తుమ్మి, విష్ణుకాంత, గునుగు, ముళ్ళగోరింట, ప్రహరీ మీదికి శంఖుపూల తీగ, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పోయకుండా ఉండేవి. వానలు మొదలయ్యాక అవి ఒకదాని తర్వాత ఒకటి పూసేవి. ఎండాకాలం ఆ చోటు ఉత్త మట్టిలా ఉండేది. ఆ మట్టినే ఆవిడ చీపురు తగలకుండా కాపాడేది. తుమ్మిగింజ ఆవగింజ కంటే చిన్నది, చీపురు ఒక్కసారి ఆడితే ఏడాది పంట చెత్తకుండీ పాలవుతుందని తర్వాత తెలిసింది.

అలాగని అక్కడ దేన్నిపడితే దాన్ని పెరగనిచ్చేది కాదు. ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. రోజూ పొద్దున్నే పీట వేసుకుని పీకుతూనే ఉండేది. గునుగు మొలకలు గుంపుగా లేస్తే రెండు మూడు ఉంచి మిగతావన్నీ తీసేసేది. ఉత్తరేణిని పూత దాకా ఉంచి, గింజ గట్టిపడి చీర అంచులకు అంటుకునే లోపు కత్తిరించేది. వయ్యారిభామ మొలక కనిపిస్తే చేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని వేళ్ళతో సహా లాగేసేది, అది ఒంటికి తగిలితే దురదలని. తుమ్మి మాత్రం నిలువునా ఎండి, గోధుమరంగుకు తిరిగి, చూడ్డానికి అసహ్యంగా ఉన్నా కదిలించేది కాదు. గింజ రాలాకే తీసేది. అన్నిటినీ ప్రేమగా చూసుకుంటున్నారు కదా, మళ్ళీ పీకడం ఎందుకని ఒకరోజు అడిగాను.

"ప్రేమేంటమ్మాయ్," అంది ఆవిడ తల ఎత్తకుండా. "వార్డులో మంచాలు ఎన్నో నాకు తెలుసు. వచ్చిన వాళ్ళందరినీ ఒకే మంచం మీద పడుకోబెడితే ఒక్కరూ లేవరు."

అలాంటి మాటలు చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో ఏమీ ఉండేది కాదు, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పేది. నేను ఆవిడని పిన్నిగారు అనేదాన్ని. ఆ వరసన మా ఆయన్ని ఆవిడ అల్లుడు గారు అనేది. కుడి చేత్తో గ్లాసు పట్టుకోలేక ఆయన నీళ్ళు ఒలకబోసుకుంటే, అల్లుళ్ళకు మర్యాద తక్కువైతే ఇలాగే గ్లాసులు విసురుతారని వేళాకోళం చేసేది. ఆయన నవ్వడం ఆ ఇంట్లోనే మళ్ళీ చూశాను.

నేను మాత్రం నవ్వే స్థితిలో లేను. పొద్దున్న చేతికి వ్యాయామం, కాలికి వ్యాయామం, మాట పలికించడం, స్నానం, అన్నం, ట్రైను, బడి, మళ్ళీ ట్రైను, మళ్ళీ వ్యాయామం. ఆయన నెలలో నడిచేయాలని, రెండు నెలల్లో రాసేయాలని నా పట్టుదల. ఆయన చెయ్యలేకపోతే విసుక్కునేదాన్ని. ఒక సాయంత్రం ఆయన వేళ్ళు నా చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను. వంచాలనీ లేదు, వదిలెయ్యాలనీ లేదు. కన్నీళ్ళు కూడా రాలేదు. అరుగు మీద నుంచి ఆవిడ చూసింది. దగ్గరకొచ్చి, ఓదార్చకుండా, తన పీట తెచ్చి నా ముందు పెట్టింది.

ఆ పీట సంగతి చెప్పాలి. ఆవిడ మొక్కలు తీసే పద్ధతికి ఒక కొలత ఉంది. పొద్దున్నే ఎక్కడో ఒకచోట పీట వేసుకుని కూర్చునేది. కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాపితే అందినంత మేర మాత్రమే చూసేది. పీటను జరిపేది కాదు. పక్కనే వయ్యారిభామ తలెత్తుకుని కనిపిస్తున్నా ఆ రోజుకు దాని జోలికి వెళ్ళేది కాదు. మర్నాడు పీట అక్కడ పడేది. అలా వాకిలంతా తిరిగి మొదటి చోటికి వచ్చేసరికి అక్కడ మళ్ళీ మొలిచి ఉండేవి. దాని మీద ఆవిడకు ఏ ఫిర్యాదూ లేదు.

"ఇవాళ్టికి వేళ్ళు చూడు చాలు," అంది. "కాలు రేపు. మాట ఎల్లుండి. పీట జరపకు."

"ఇలా చేస్తే ఎప్పటికవుతుందండి పిన్నిగారూ," అన్నాను. నాకు ఒళ్ళు మండింది.

"అవ్వదమ్మాయ్. ఎవరు చెప్పారు అవుతుందని? ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో ఉన్నాను. ఏదీ అయిపోవడం చూళ్ళేదు. ఇవాళ్టిది అవుతుంది, అంతే."

ఆ మాట ఆ రోజు నాకు క్రూరంగా అనిపించింది. ఆ రాత్రి మాత్రం చాన్నాళ్ళకు నిద్ర పట్టింది.

ఆ వాకిట్లో ఆవిడకు పడని మొక్క ఒకటుంది, ఈ పసుపుపూల తీగ. గోడ మొదట్లో ఎప్పుడూ ఏదో ఒక మూల తలెత్తేది. ముదురాకుపచ్చ ఆకు, చిన్న చామంతిలాంటి పువ్వు, చూడ్డానికి బాగుంటుంది. గింజతో పనిలేదు దానికి. నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేరు వేస్తుంది. ఒక కణుపు మట్టిలో మిగిలినా చాలు, మళ్ళీ పరుచుకుంటుంది. దాని కింద తుమ్మి మొలవదు, విష్ణుకాంత మొలవదు. పూలు బాగానే ఉన్నాయి కదా, ఎందుకంత పగ అని అడిగితే ఆవిడ ఆ ఒక్కసారి పని ఆపి నాకేసి చూసింది.

రిటైరైన కొత్తలో వీధిలో వాళ్ళు ఆవిడ వాకిలి చూసి నవ్వేవారట. నర్సమ్మ గారికి ఓపిక లేక ఇల్లు పాడుబెట్టుకుంటోంది అనేవారట. ఆ మాటలు పడలేక కడియం వైపు వెళ్ళి, ఒక నర్సరీలో ఈ తీగ కొని తెచ్చిందట. నెల తిరిగేసరికి నేలంతా పచ్చగా కప్పేస్తుంది, చూసినవాళ్ళు తోట అంటారని నర్సరీ అతను చెప్పాడట. అన్నట్టే కప్పేసింది. వీధి వీధంతా మెచ్చుకుంది. మరుసటి వానాకాలం అక్కడ తుమ్మి ఒక్కటీ లేవలేదు.

"ఈ వాకిట్లో నేను నా చేత్తో ఏదీ నాటలేదమ్మాయ్, అదొక్కటి తప్ప," అంది. "జనం నోటికి జడిసి నాటాను. అప్పట్నుంచీ పీకుతూనే ఉన్నాను."

ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. మళ్ళీ తల వంచి, కణుపు కింద వేలు పెట్టి, వేరుతో సహా మెల్లగా లాగింది.

మరుసటి ఏడు ఎండాకాలానికి మా ఆయన కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేయగలిగారు. ఇంట్లో నడవడానికి వీల్లేదు, ప్రతి గదికీ గడప, కాలు ఎత్తి దాటలేరు. వీధిలో బైకులు. పడమటి వైపు కుళాయి, బట్టలు ఉతికే బండ, ఇరుకు. పొడవుగా, తిన్నగా ఉన్నది తూర్పు వైపే. అక్కడ గోడ వెంట కాలిబాటంత చోటు వదిలి, అల్లుడు గారి రోడ్డు అని పేరు పెట్టింది పిన్నిగారు. ఆయన పొద్దునా సాయంత్రం గోడ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవారు. ప్రహరీ మీద ఎండిన శంఖుకాయలు ఎండకు టప్‌మని పగులుతుంటే ఉలిక్కిపడి, తర్వాత తనలో తను నవ్వుకునేవారు.

వానలు మొదలయ్యాయి. గోదావరి ఒండ్రుమట్టి తడిస్తే ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు, అడుగు వేస్తే చెప్పు మట్టిలోనే ఉండిపోతుంది, పాదం జారిపోతుంది. ఆయన జారి పడ్డారు. ఎముక విరగలేదు గానీ, మోకాలు వాచింది. దానికంటే పెద్ద దెబ్బ, భయం పట్టుకుంది. కర్ర ముట్టుకోనన్నారు. వానాకాలం పోయేదాకా ఆగుదామని నేను అన్నాను. కాలు అంతకాలం వాడకపోతే బిగుసుకుపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుందని రాజమండ్రిలో ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పాడు. ఆ మాట వచ్చి పిన్నిగారితో చెప్పాను. ఏదో చెప్పుకోవాలని చెప్పానంతే. ఆవిడ తూర్పు వైపు చూస్తూ కూర్చుంది. అప్పుడక్కడ తుమ్మి తెల్లగా విరగబూసి ఉంది. గునుగు ఎన్నులు అప్పుడే గులాబీరంగు తేలుతున్నాయి. ఏడాదంతా ఆ మట్టికి ఆవిడ కాపలా కాసింది ఆ కొద్ది రోజుల కోసమే.

రెండు రోజులు వాన తెరిపిచ్చింది. మూడో రోజు నేను బడి నుంచి వచ్చేసరికి గేటు ముందు ఇసుక, కంకర పోసి ఉన్నాయి. తూర్పు వైపంతా గచ్చు చేయిస్తానంది. మా కోసం ఇంత పని వద్దండి, కనీసం ఈ పూలు గింజ పట్టేదాకానైనా ఆగండి, కార్తీకం వెళ్ళాక చేయిద్దాం అని బతిమాలాను.

"కాలు కార్తీకం దాకా ఆగదు," అంది.

"మరి మీ మొక్కలండి?"

"మొక్కలు పోతాయి. గింజలు ఎక్కడికీ పోవు. పోయినేడు రాలినవీ, అంతకు ముందటివీ మట్టిలోనే ఉంటాయి. అన్నీ ఒకే ఏడు మొలవవమ్మాయ్. వాటికి మనకంటే ఓపికెక్కువ."

మర్నాడు తాపీమేస్త్రి వచ్చాడు. పార దింపే ముందు ఆవిడ పీట వేసుకుని అక్కడే కూర్చుంది. పైన రెండు వేళ్ళ మందం మట్టి మాత్రం గీకి ఇవ్వమంది. అంతకు కిందిది ఉత్త మట్టి, పైదాన్లోనే అన్నీ ఉంటాయని వేళ్ళు మడిచి లోతు చూపించింది. మేస్త్రికి ఇది ఏం వరసో అర్థం కాలేదు గానీ, నర్సమ్మ గారు ఒకప్పుడు వాళ్ళమ్మకు పురుడు పోసిన మనిషట, అందుకని మాట్లాడకుండా గీకాడు. పూలతో సహా మట్టి ఎరువుల గోతాల్లోకి వెళ్ళింది. తెల్లటి తుమ్మిపూలు గోతాం మూతి దగ్గర ఇరుక్కుని కనిపిస్తూ ఉన్నాయి. నేను చూడలేక లోపలికి వెళ్ళాను. ఆవిడ మాత్రం ఆఖరి గోతాం మూతి కట్టేదాకా కూర్చుంది.

గచ్చు ఆరాక మా ఆయన దాని మీద నడిచారు. వాన పడ్డా నడిచారు, పిన్నిగారు గోడ వెంట ఇనప గొట్టం కూడా పాతించింది, పట్టుకోవడానికి. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆయన పాదాలనే చూసేది. మడమ ఈడుస్తున్నారు అల్లుడు గారూ, ఎత్తండి, అని అక్కడి నుంచే కేకేసేది. వీధిలో వాళ్ళు గేటు దగ్గర ఆగి మెచ్చుకున్నారు. ఇన్నాళ్ళకు ఇల్లు ఇల్లులా ఉందన్నారు. ఆవిడ అవునండి అంది. నాకు ఆ మాట అన్నవాళ్ళను పట్టుకుని కడిగెయ్యాలనిపించింది. అంత ఓపిక ఉంటే గదా.

పనయ్యాక గోతాలు పడమటి వైపు కుళాయి పక్కన వరసగా పెట్టించింది. తడి తగిలి, కట్టిన మూతి సందుల్లోంచి పసుపుపూల తీగ బయటికి వచ్చేది. వాకిలి పోయింది గానీ తీగ పోలేదు. ఆవిడ పీట ఇప్పుడు కుళాయి దగ్గర పడేది.

మా ఆయన సొంతంగా నడవగలిగాక, నిడదవోలులో బడికి దగ్గరగా చిన్న ఇల్లు కొనుక్కున్నాం. సామాను వ్యాన్లోకి ఎక్కిస్తుంటే పిన్నిగారు గోతాలు కూడా ఎక్కించమంది. అవి మీవండి, ఇక్కడే ఏదో ఒక మూల పోయిద్దాం అన్నాను. ఇక్కడ మట్టి ఎక్కడుంది అంది. గోతాలు ఎక్కించాను. ఎండ పడేచోట పలచగా పరచమని, కలియదవ్వొద్దని, మొదటి ఏడు ఏమీ పీకకుండా ఏ మొలక ఏదో చూసి గుర్తుపెట్టుకోమని చెప్పింది. పీట కూడా ఇచ్చింది.

"అందులో తీగ కూడా ఉంటుంది," అంది చివరికి, వ్యాను కదులుతుంటే. "ఏరి ఇవ్వలేను. మంచీ చెడ్డా కలిసే ఉంటాయి ఆ మట్టిలో. నువ్వే చూసుకోవాలి."

మొదటి వానకే తుమ్మి లేచింది. విష్ణుకాంత మరుసటి ఏడు గానీ కనపడలేదు. గునుగైతే నేను ఆశ వదిలేసుకున్నాక ఒక పొద్దున్న ప్రహరీ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది. ఉత్తరేణి, వయ్యారిభామ అడక్కుండానే వచ్చాయి. తీగ అన్నిటికంటే ముందు వచ్చింది. కొవ్వూరు వెళ్ళినప్పుడల్లా ఏవేవి పూశాయో చెప్పేదాన్ని. ఆవిడ మా వాకిలి చూడ్డానికి ఎప్పుడూ రాలేదు. రమ్మంటే, చూస్తే పీకాలనిపిస్తుంది, నా మోకాళ్ళు ఒప్పుకోవు అనేది.

ఆఖరుసారి చూసినప్పుడు ఆవిడ మంచంలో ఉంది. మేనకోడలు వచ్చి చూసుకుంటోంది. ఎంతమంది మంచాల పక్కన నిలబడిందో ఆవిడ, మంచంలో మాత్రం బొత్తిగా చిన్నదైపోయింది. నా చెయ్యి తీసుకుని గోళ్ళు చూసింది. గోళ్ళలో మట్టి ఉంది. నేను కడుక్కుని రావాల్సిందనుకున్నాను. ఆవిడ మాత్రం చెయ్యి వదల్లేదు.

"అల్లుడు గారు గడప దాటుతున్నారా?" అని అడిగింది.

"దాటుతున్నారండి. ఒక్కోసారి నేను పట్టుకోవాల్సొస్తోంది."

"పట్టుకో." నా గోటి కింద మట్టిని బొటనవేలితో రాసింది. "తీగ వచ్చిందా?"

"వచ్చిందండి. పీకుతున్నాను."

"ఒకేసారి పీకకు. నడుం పోతుంది."

అదే ఆవిడ నాతో అన్న చివరి మాట. గొప్ప మాటేం కాదు. ఎవరైనా చివరి మాట ఏమన్నారని అడిగితే చెప్పడానికి నాకు మొహమాటంగా కూడా ఉంటుంది.

ఆవిడ పోయాక ఆ ఇల్లు ఎవరో కొన్నారని విన్నాను. నేను అటు వెళ్ళలేదు. నా వాకిలి చూసి ఇక్కడి పక్కింటివాళ్ళు కూడా, టీచరు గారికి ఊడ్చుకునే తీరిక ఉండదు పాపం అంటారు. నేను అవునండి అంటాను. అది అబద్ధం కూడా కాదు.

ఈ మధ్య నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. తుమ్మి ఆవిడది కాదు, గునుగు ఆవిడది కాదు, శంఖుపూలు ఆవిడవి కావు. అవన్నీ వాటంతటవి వచ్చినవి, ఆవిడ దారి ఇచ్చిందంతే. ఆవిడ తన చేత్తో గొయ్యి తీసి, నీళ్ళు పోసి, బతకాలని కోరుకుని నాటినది ప్రపంచంలో ఇదొక్కటే, ఈ పసుపుపూల తీగ. ఆవిడ సిగ్గుపడి, ఆ సిగ్గుకు శిక్షగా ఎన్నో ఏళ్ళు పీకిన తీగ. ఆ కణుపే పాకుతూ పాకుతూ నా దాకా వచ్చింది.

లోపల కర్ర దొరికినట్టుంది, గచ్చు మీద టక్కుమని తగిలింది. ఆయన మెల్లగా గడప దగ్గరకు వస్తున్నారు. లేవాలి. పీట మేరలో ఇంకొక్క తీగ మిగిలి ఉంది, దాని చివర ఒక పువ్వు కూడా ఉంది. వదిలేద్దామని చెయ్యి ఆపాను. వదిలేస్తే కింద తుమ్మి మొలవదు. కణుపు కింద వేలు పెట్టి, ఆవిడ లాగినట్టే, వేరు తెగకుండా మెల్లగా లాగేశాను. మట్టిలో ఎక్కడో ఇంకో కణుపు ఉండే ఉంటుంది, రేపో ఎల్లుండో మళ్ళీ వస్తుంది. ఏదో ఒక రోజు ఎంత వెతికినా అది కనపడకపోతే ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు.